దవడ కీలు నొప్పి: పాఠకుల ప్రశ్నలు, దంతవైద్యుని జవాబులు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో పిప్పిపళ్ల గురించి అడిగినవాటితో సమానంగా చెవి ముందు నొప్పి, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, నమిలితే దవడ లాగడం వంటి బాధల గురించి అడిగినవి ఉంటున్నాయి. వీటిలో చాలా ఉత్తరాలు ఒకే దారిలో నడుస్తాయి. మొదట చెవి అనుకుంటారు, తరువాత పన్ను అనుకుంటారు, చివరికి నరాల జబ్బేమోనని భయపడతారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ దవడ కీలుకే కేటాయించాను. ఉత్తరాలను కుదించి, రాసినవారిని గుర్తుపట్టగల వివరాలను తొలగించాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. అనంతపురంలో గది అద్దెకు తీసుకొని డీఎస్సీకి చదువుకుంటున్నాను. నాలుగు నెలలుగా కుడి చెవి ముందు నొప్పి ఉంది. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి, కణతలు పోటు పెడుతుంటాయి. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. ఒక చోట పన్ను వల్లే అంటే కుడివైపు కింది దంతం ఒకటి తీయించుకున్నాను, అయినా నొప్పి తగ్గలేదు. మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. రాత్రి జొన్నరొట్టె తింటే మరుసటి రోజు నొప్పి ఎక్కువగా ఉంటుంది. ఇది ఇక జీవితాంతం ఉండిపోతుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉండిపోదమ్మా. చేత్తో తాకి పరీక్షించకుండా నేను నిర్ధారణ చేయలేను కాని, మీరు రాసిన లక్షణాలు దవడను కదిలించే కండరాలు అలసి, బిగుసుకొని పెట్టే నొప్పికి బాగా సరిపోతున్నాయి. 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసువారిలో, అందులోనూ పురుషుల కంటే స్త్రీలలో, ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది. సరైన జాగ్రత్తలు తీసుకుంటే చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుముఖం పడుతుంది.

దవడ కీలు ఎక్కడ ఉందో ముందు మీరే తెలుసుకోండి. రెండు చూపుడు వేళ్లను చెవి రంధ్రాలకు కొంచెం ముందు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ల కింద గుండ్రటి ఎముక ఒకటి కదులుతుంది. అది కింది దవడ ఎముక తల. అది పుర్రెలోని ఒక చిన్న గుంటలో కూర్చుంటుంది, ఆ రెండింటికీ మధ్య రాపిడి లేకుండా మెత్తటి బిళ్ల ఒకటి ఉంటుంది. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు ఎముక తల తలుపు బందులాగా ఉన్నచోటనే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే బిళ్లతో సహా ముందుకు జారుతుంది. కుడి, ఎడమ కీళ్లు రెండూ ఒకే ఎముకకు రెండు కొసలు కాబట్టి, ఒకవైపు నొప్పి పుట్టి మనం రెండోవైపే నములుతూ పోతే కొన్నాళ్లకు ఆ వైపు కూడా అలసిపోతుంది.

ఈ కీలును నడిపించే కండరాలలో రెండింటిని మీరు చేత్తో పట్టి చూడవచ్చు. పళ్లు బిగిస్తే బుగ్గ వెనుక గట్టిగా ఉబ్బేది ఒకటి, కణత మీద విసనకర్రలా పరుచుకున్నది మరొకటి. దవడ కండరం అలసినప్పుడు తలనొప్పి ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పళ్లకు, ఈ కండరాలకు, దవడ కీలుకు, చెవి ముందు భాగానికి నొప్పి కబురు మోసేది ఒకే నాడి. అందుకే కండరంలో పుట్టిన నొప్పి పంటిలో ఉన్నట్టూ, చెవిలో ఉన్నట్టూ అనిపించడం అసాధారణమేమీ కాదు. మీరు తీయించుకున్న పన్ను తిరిగి రాదు, అందుకు నాకు నిజంగా బాధగా ఉంది. ఈ ఉత్తరం చదువుతున్న మిగిలినవారికి నా మనవి ఇది. పన్ను తీయించుకునే ముందు, ఆ పంటిని తట్టి చూసినప్పుడు, చల్లదనం తగిలించినప్పుడు నొప్పి పుడుతోందా, ఎక్స్‌రేలో పుచ్చుగాని, వేరు కొసన చీముగాని కనిపిస్తోందా అని డాక్టరును అడగండి. ఈ ఆధారాలేవీ లేనప్పుడు, నొప్పి ఆ వైపు ఉందన్న ఒక్క కారణంతో పన్ను పీకించుకోకండి. చెవిలో నూనె పోయడం కూడా ఇకపై వద్దని అమ్మగారికి చెప్పండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె లోపలికి దిగి కొత్త జబ్బు తెస్తుంది, వేడి ఎక్కువైతే చెవి కాలుతుంది.

ఇక కారణం సంగతి. మనిషి నోట్లో పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి తగలవలసింది నమిలేటప్పుడు, గుటక వేసేటప్పుడు మాత్రమే. మిగిలిన సమయమంతా పెదవులు కలిసి ఉన్నా పళ్ల మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. పుస్తకం ముందు గంటల తరబడి కూర్చొని, లెక్క రానప్పుడు, పరీక్ష తేదీ గుర్తొచ్చినప్పుడు మనకు తెలియకుండానే పళ్లు బిగిస్తాం. రోజుకు పది గంటలు పిడికిలి బిగించి ఉంచితే చేయి ఏమవుతుందో, దవడకు జరుగుతున్నదీ అదే. మానసిక ఒత్తిడి వల్ల వస్తుందని డాక్టర్లు చెప్పినప్పుడు చాలామంది ఆడపిల్లలు, తమ నొప్పి ఉత్త భ్రమ అంటున్నారని నొచ్చుకుంటారు. భ్రమ కాదు. ఒత్తిడి దారి చూపిస్తుంది, నొప్పి మాత్రం కండరంలో నిజంగానే ఉంటుంది.

మీరు చేయవలసిన మొదటి పని, ఈ బిగింపును పగటిపూట పట్టుకోవడం. ‘న’ అనే అక్షరాన్ని మెల్లగా పలికి, నాలుక కొస పై పళ్ల వెనుక ఆగినచోటనే దాన్ని ఉంచండి. పెదవులు కలిపి, పళ్లు విడదీసి, ముక్కుతో ఊపిరి తీయండి. దవడకు విశ్రాంతినిచ్చే స్థితి ఇదే. చదువుకునే బల్ల మీద, గోడ మీది కాలెండరు మీద, ఫోను వెనుక చిన్న రంగు కాగితం ముక్కలు అంటించుకొని, అవి కంటబడినప్పుడల్లా పళ్లు తగులుతున్నాయేమో చూసుకోండి. మొదటి వారంలో ఎన్నిసార్లు పట్టుబడతారో చూసి మీరే ఆశ్చర్యపోతారు. మందుల కంటే ముందు ఈ అలవాటును చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఇది శ్రద్ధగా చేసినవారికీ, మాత్రలు మాత్రమే మింగినవారికీ నేను చూసిన తేడా అంత స్పష్టంగా ఉంటుంది. గడ్డానికి చేయి ఆనించి చదవడం, పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం, బోర్లా పడుకోవడం కూడా మానండి.

తిండి విషయంలో మన ప్రాంతం వారికి ఒక సౌకర్యం ఉంది. రాగిసంగటిని ఎవరూ నమలరు, ముద్దను పులుసులో అద్ది మింగుతారు. రెండు మూడు వారాలు సంగటి, మెత్తగా వండిన పప్పన్నం, ఉగ్గాని, ఇడ్లీ, పెరుగన్నం తినండి. జొన్నరొట్టె, సజ్జరొట్టె తినాలనిపిస్తే చిన్న ముక్కలుగా తుంచి వేడి పప్పులో బాగా నానబెట్టి తినండి. వేయించిన శెనక్కాయలు, చెరకు, పచ్చి మామిడి, గట్టి మాంసం, బబుల్‌గమ్ ఈ కాలంలో వద్దు. నొప్పి తగ్గాక ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి, ఎందుకంటే ఏళ్ల తరబడి మెత్తటి తిండే తింటే కండరం బలహీనపడుతుంది.

వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డను బుగ్గ మీద, కణత మీద 15 నుంచి 20 నిమిషాల పాటు, రోజుకు రెండు మూడుసార్లు పెట్టుకోండి. ముందు మణికట్టు మీద వేడి చూసుకోండి. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజుల్లో అయితే గుడ్డలో చుట్టిన మంచుగడ్డ మేలు. కాపడం అయ్యాక అద్దం ముందు కూర్చొని, నాలుక కొసను అంగిలికి ఆనించి, అది అక్కడి నుంచి జారనంత మేరకే నోటిని తిన్నగా తెరిచి మూయండి. ఒక విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు సరిపోతాయి. నొప్పి పుట్టేదాకా సాగదీయకూడదు. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొద్ది రోజులు ఉపశమనమిస్తాయి కాని, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాటిని ముట్టకూడదు. నెలల తరబడి వాటి మీదే బతకడం ఎవరికీ మంచిది కాదు. ఆరు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే దవడ కీలు బాధలను చూసే దంతవైద్యుని దగ్గరకు, దవడ వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: నా వయసు 20. అన్నం తినేటప్పుడు, ఆవులించేటప్పుడు ఎడమ చెవి దగ్గర ‘టక్’మని శబ్దం వస్తోంది. నొప్పి లేదు, నోరు బాగానే తెరుచుకుంటుంది. పక్కన కూర్చున్నవారికి కూడా వినిపిస్తుందని సిగ్గుగా ఉంది. ఎముక అరిగిపోతోందా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: అరగడం లేదు. పైన చెప్పిన మెత్తటి బిళ్ల కొంచెం ముందుకు జరిగి ఉన్నప్పుడు, నోరు తెరిచేసరికి ఎముక తల దాని మీదికి ఎక్కుతుంది. ఆ ఎక్కడంలో వచ్చే చప్పుడే మీరు వింటున్నది. నొప్పి లేకుండా, నోరు అడ్డుపడకుండా ఉత్త చప్పుడు మాత్రమే వచ్చేవారు ఎందరో ఉన్నారు. వారికి చికిత్స అవసరం లేదు, ఆ చప్పుడును పోగొట్టడానికి చేసే ప్రయత్నాలు చాలాసార్లు ఫలించవు కూడా. స్నేహితులకు చూపించడానికి పదేపదే చప్పుడు చేయడం మాత్రం మానండి.

ఎప్పుడు రావాలో చెబుతాను. మీ చేతి మూడు వేళ్లను, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. పెద్దవారిలో మామూలుగా నోరు 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, కాబట్టి మూడు వేళ్లు పట్టాలి. ఒకరోజు చప్పుడు హఠాత్తుగా ఆగిపోయి, అదే రోజు నుంచి నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోతే, చప్పుడు పోయిందని సంతోషించవద్దు. బిళ్ల ముందుకు జారి అక్కడే ఇరుక్కుపోయిందన్నమాట. అటువంటప్పుడు నెలలు గడవనివ్వకుండా కొద్ది రోజుల్లోనే చూపించుకుంటే సులువుగా సరిచేయగల అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు, ప్రొద్దుటూరులో వ్యాపారం. నిద్రలో పళ్లు పటపట కొరుకుతారు, గురక కూడా ఉంది. ఆరు నెలలుగా రెండువైపులా దవడ నొప్పి. ఒక చోట చూపిస్తే పై పళ్లు, కింది పళ్లు సరిగా కలవడం లేదని, పన్నెండు పళ్లు అరగదీసి క్యాపులు వేస్తే గాని నొప్పి పోదని చెప్పారు. మరో చోట నైట్ గార్డ్ (రాత్రి పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు) చాలన్నారు. మా అత్తగారు కడుపులో పురుగులుంటే ఇలాగే కొరుకుతారంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: క్యాపుల కోసం పళ్లు అరగదీయించుకోవద్దని ముందుగా గట్టిగా చెబుతున్నాను. ఒకసారి అరగదీసిన పంటి పింగాణీ మళ్లీ పెరగదు. అలా చేసినందువల్ల దవడ కీలు నొప్పి తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం కూడా లేదు.

ఈ సలహా ఇచ్చినవారు దురుద్దేశంతోనే ఇచ్చారని నేను అనడం లేదు, ఎందుకంటే పళ్లు కలవకపోవడమే దవడ నొప్పికి మూలమన్న అభిప్రాయం మా వృత్తిలో చాలాకాలం రాజ్యమేలింది. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి ముక్కు గొంతు వైద్యుడు, వెనుక దంతాలు ఊడిపోయినవారిలో దవడ ఎముక వెనక్కి నెట్టుకుపోయి చెవి నొప్పి, తలనొప్పి వస్తున్నాయని రాశాడు. అప్పటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు పళ్లను సరిచేస్తే కీలు సరవుతుందనే నమ్మకంతో ఎంతోమందికి పళ్లు అరగదీశారు, తీగలు కట్టారు, ఊడిన పళ్ల చోట కట్టుడు పళ్ల వంతెనలు (బ్రిడ్జిలు) వేశారు. తరువాతి పరిశీలనల్లో ఆ సంబంధం నిలవలేదు. పళ్లు వంకరగా ఉన్నవారిలో ఎందరికో దవడ నొప్పి ఉండదు, పలువరుస ముత్యాల్లా ఉన్నవారిలో ఎందరికో ఉంటుంది. తొందరపాటు ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి మరొక సంగతి. 1980లలో అమెరికాలో, దవడ కీలులో చోటు తప్పిన మెత్తటి బిళ్లను తీసివేసి, దాని స్థానంలో టెఫ్లాన్ కలిసిన కృత్రిమ బిళ్లలను అమర్చారు. అవి లోపల పొడిపొడిగా రాలి, చుట్టూ ఉన్న ఎముకను తినేయడంతో 1990ల మొదట్లో వాటిని వెనక్కి తీసుకోవలసివచ్చింది. ఆ రోగులు తొలుత వచ్చిన నొప్పి కంటే పెద్ద బాధతో మిగిలిపోయారు. అందువల్ల, వెనక్కి తీసుకోగల చికిత్సను ముందు, వెనక్కి తీసుకోలేనిదాన్ని మరేదీ పనిచేయనప్పుడు మాత్రమే అన్నది దవడ కీలు విషయంలో నేను తప్పకుండా పాటించే పద్ధతి.

నైట్ గార్డ్ గురించి కూడా నిజం నిజంగా చెప్పాలి. అది పళ్లు అరగకుండా కాపాడుతుంది, కొందరికి పొద్దుటి బిగువు తగ్గిస్తుంది. మావారు, మీవారు అందరూ తప్పనిసరిగా పెట్టుకోవలసిన మందు మాత్రం కాదు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు, మూడు నెలలకు పైబడిన దవడ నొప్పికి పరీక్షకు నిలిచిన వైద్యాలను పోల్చి చూసి, ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్సకు, నిపుణుల సాయంతో చేసే దవడ కదలికలకు, బిగిసిన కండరపు ముడులను చేత్తో నొక్కి సడలించే పద్ధతికి, పర్యవేక్షణలో చేసే భంగిమ, దవడ వ్యాయామాలకు పెద్దపీట వేశాయి. తీసిపెట్టగల నైట్ గార్డులను మామూలుగా సిఫారసు చేయలేదు, బిళ్లను తీసివేసే శస్త్రచికిత్సను, పళ్ల అమరికను శాశ్వతంగా మార్చివేసే పరికరాలను గట్టిగా వద్దన్నాయి. అందువల్ల మీవారి పళ్లు నిజంగా అరుగుతున్నట్టు పరీక్షలో తేలితే, వరుసలోని పళ్లన్నింటినీ కప్పే గట్టి నైట్ గార్డును అచ్చు తీయించి చేయించుకొని రాత్రిపూట మాత్రమే పెట్టుకోమనండి. ముందు పళ్లకు మాత్రమే తగిలే చిన్న ముక్కలు, రాత్రింబవళ్లు పెట్టుకునే పరికరాలు కొన్నాళ్లకు పళ్ల కలయికనే మార్చివేస్తాయి. కొన్ని నెలలకొకసారి చూపించుకోవడం తప్పనిసరి.

అంతకంటే ముఖ్యంగా నన్ను ఆలోచింపజేసింది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన గురక. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నారా, పగలు దుకాణంలో కూర్చొని కునికిపాట్లు పడుతున్నారా అన్నది గమనించండి. అలా ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో ఊపిరితిత్తుల వైద్యునికో, చెవి ముక్కు గొంతు వైద్యునికో చూపించాలి. పళ్లు కొరకడానికీ దానికీ తోడు కనిపించే సందర్భాలు ఉన్నాయి, గుండెకు, రక్తపోటుకు దానివల్ల జరిగే కీడు దవడ నొప్పి కంటే పెద్దది. రాత్రి మద్యం, పొద్దుపోయాక కాఫీ, టీ, పొగ మానితే కొరకడం కొంత తగ్గుతుంది. మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు కూడా పళ్లు కొరికిస్తాయి. అటువంటివి వాడుతుంటే సొంతంగా ఆపకుండా, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి. అత్తయ్యగారి మాటకు వస్తే, నులిపురుగుల మాత్ర పిల్లలకు మేలు చేసేదే, బడుల్లో ఏటా వేస్తున్నదే. కాని మీవారి దవడకు దాన్ని మందుగా లెక్కించవద్దు.

ప్రశ్న: ఆటో నడుపుతాను. వయసు 34. పన్నెండేళ్లుగా వక్కపొడి, గుట్కా పొట్లాలు నములుతున్నాను. ఏడాదిగా నోరు సరిగా తెరుచుకోవడం లేదు, రెండు వేళ్లు కూడా కష్టంగా పడుతున్నాయి. కారం తింటే నోరంతా మండుతుంది. దవడ కీలు పట్టేసిందని ఊళ్లో సూదులు వేయించుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం చదివిన రోజే ఈ సంచికలో మీకు జవాబు ఇవ్వాలనుకున్నాను. మీ దవడ కీలు పట్టేసి ఉండకపోవచ్చు. కీలు నొప్పి ఉన్నవారికి చెవి ముందు నొప్పి ఉంటుంది, నమిలితే ఎక్కువవుతుంది. కారానికి నోరు మండదు. నోరు మండడం, బుగ్గల లోపలి పొర తెల్లబారి గట్టిపడడం, నాలుక పూర్తిగా బయటికి రాకపోవడం, ఏడాది మీద నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోవడం, ఇవన్నీ వక్క వల్ల వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బు లక్షణాలు. వక్కలోని పదార్థాల ప్రభావంతో బుగ్గ పొర కింద నార పేరుకుపోయి, రబ్బరులా సాగవలసిన చర్మం తోలు పట్టీలా బిగుస్తుంది. దానికి సూదులు వేయించుకోవడం కాలయాపన మాత్రమే.

ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారగల జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ పొగాకును మాత్రమే కాకుండా వక్కను కూడా మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పొగాకు లేని వక్కపొడి కాబట్టి ఫరవాలేదనే మాట కిళ్లీ కొట్టు దగ్గర వినిపిస్తుంది, అది తప్పు. మానేస్తే జబ్బు ముందుకు పోవడం చాలావరకు నెమ్మదిస్తుంది, పేరుకున్న నార మాత్రం దానంతట అది కరగదు. నోరు తెరిచే వ్యాయామాలు, బుగ్గలోకి ఇచ్చే మందులు, బాగా ముదిరితే శస్త్రచికిత్స ఉన్నాయి. నోరు ఎంత తెరుచుకునే దశలో వస్తారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది, అందుకే వాయిదా వేయవద్దంటున్నాను.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడి నోటి వ్యాధుల విభాగానికి ఈ వారంలోనే వెళ్లండి. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్రటి లేదా తెల్లటి మచ్చ, గడ్డ ఏదైనా ఉంటే మొదటే చెప్పండి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. పొట్లం మానడం కష్టమని నాకు తెలుసు. రాత్రి బండి నడిపేటప్పుడు నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టినవారే నా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువ. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోను నంబరు 1800112356. ఒకసారి మాట్లాడి చూడండి.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. నెలన్నర కిందట మిద్దె మెట్ల మీద నుంచి పడి గడ్డం చిట్లితే నాలుగు కుట్లు వేశారు. పుండు మానింది కాని, ఇప్పుడు నోరు మునుపటిలా తెరవడం లేదు, తెరిస్తే గడ్డం ఒకపక్కకు పోతోంది. నొప్పి లేదంటాడు. ఎదిగేకొద్దీ సర్దుకుంటుందని అందరూ అంటున్నారు.
– ఒక తల్లి, పత్తికొండ

జవాబు: సర్దుకుంటుందని ఊరుకోవద్దమ్మా. గడ్డం మీద పడిన దెబ్బ ఎముక వెంట పైకి పాకి, చెవి ముందున్న ఎముక తలకు తగులుతుంది. గడ్డం చర్మానికి కుట్లు వేసే హడావుడిలో ఆ ఎముక తల విరిగిన సంగతి కనబడకుండా పోవడం జరుగుతూ ఉంటుంది. చిన్నపిల్లల్లో ఎముక త్వరగా అతుక్కుంటుంది, ఆ త్వరే ఇక్కడ ప్రమాదం. దెబ్బతిన్న కీలు కదలకుండా ఉంటే ఎముక తల పుర్రెకు అతుక్కుపోయి, నోరు క్రమంగా మూసుకుపోతుంది. కింది దవడ ఎదుగుదలకు కీలకమైన చోటు కూడా అదే కాబట్టి, గడ్డం వెనకబడి ముఖం ఒకవైపు వంకరపోవచ్చు, కొందరికి నిద్రలో ఊపిరి ఇబ్బంది కూడా వస్తుంది.

నోరు, దవడ శస్త్రచికిత్స నిపుణునికి ఈ రెండు మూడు రోజుల్లోనే చూపించండి. కర్నూలు మీకు దగ్గర. ముఖమంతా పడే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారు. ఈ వయసు పిల్లల్లో ఎముక ఇలా విరిగినప్పుడు చాలాసార్లు కోత అవసరం ఉండదు, నోరు తెరిచే వ్యాయామాలను నెలల తరబడి విడవకుండా చేయించడమే చికిత్స. బాబు ఏడుస్తాడు, మారాం చేస్తాడు, మీకు మనసు ఒప్పదు. అయినా రోజూ చేయించండి, ప్రతి వారం పళ్ల మధ్య సందును స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. కొలత తగ్గితే వెంటనే తీసుకువెళ్లాలి.

ప్రశ్న: నాకు 61. విశ్రాంత ఉద్యోగిని. నెలరోజులుగా నడిచినా, మేడ మెట్లు ఎక్కినా ఎడమ దవడ లాగుతుంది, నిలబడితే తగ్గుతుంది. నమిలినప్పుడు ఏమీ లేదు. దవడ కీలుకు మాత్రలు రాయగలరా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: అయ్యా, మాత్రలు రాయను. నమిలితే రాకుండా, నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పి గుండె నుంచి రావచ్చు. ఈ సంచిక మీ చేతికి అందేదాకా ఆగకూడదని మీకు ఫోనులో చెప్పించాము. ఇటువంటి నొప్పి ఉన్న మరెవరైనా ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించుకొని గుండె వైద్యుణ్ణి కలవాలి. కూర్చున్నప్పుడు కూడా దవడ లాగి, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే వెంటనే 108కి ఫోను చేయాలి. ఏభై దాటినవారిలో కొత్తగా కణత నొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ అలసిపోతూ, చూపు మసకబారితే అది కూడా అదే రోజు ఆసుపత్రికి వెళ్లవలసిన విషయం. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం అనుమానించాలి.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఆవులించినప్పుడు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. ఆసుపత్రిలో సరిచేశారు, మూడు నెలలకు మళ్లీ జరిగింది. ఇంట్లోనే సరిచేయడం నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: వద్దు. ఎముక తల ముందుకు ఎక్కువగా జారి, వెనక్కి రాలేక గట్టుకు అవతల ఆగిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. డాక్టరు చేతి వేళ్లకు గుడ్డ చుట్టుకొని, కింది వెనుక దంతాల మీద ముందు కిందికి, తరువాత వెనక్కి నొక్కి కూర్చోబెడతారు. తెలియనివారు గడ్డాన్ని పైకి గుద్దితే ఎముక విరగవచ్చు, నోట్లో వేళ్లు పెడితే దవడ ఒక్కసారిగా మూసుకొని వేళ్లు నలగవచ్చు. మళ్లీ జరిగితే గడ్డం కింద తువ్వాలు ఆనించి పట్టుకొని, చొల్లు కారిపోయేలా తల కొంచెం ముందుకు వంచి, ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లండి. గంటలు గడిచేకొద్దీ కండరాలు బిగిసి కూర్చోబెట్టడం కష్టమవుతుంది.

ఆవులింత వచ్చినప్పుడల్లా గడ్డం కింద పిడికిలి ఆనించుకోవడం అమ్మగారికి అలవాటు చేయండి. పెద్ద ముద్దలు వద్దు. పళ్ల సెట్టు వదులుగా ఉంటే సరిచేయించండి. పళ్ల డాక్టరు దగ్గర ఎక్కువసేపు నోరు తెరవవలసివస్తే ఈ సంగతి ముందే చెప్పాలి. వాంతులకు, మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు దవడ కండరాలను పట్టివేస్తాయి కాబట్టి, ఆమె వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. ఆ తరువాత కూడా పదేపదే జారుతుంటే ఆమె రక్తాన్నే కొద్దిగా తీసి కీలులోకి ఎక్కించే పద్ధతి ఉంది, చిన్న శస్త్రచికిత్సలు కూడా ఉన్నాయి. వాటి గురించి దవడ శస్త్రచికిత్స నిపుణుణ్ణి అడగండి.